ఆ 40 వాట్లు ఎవరివి? కగ్గదాసపురలో ఒక అద్దె ఇంటి కరెంటు బిల్లు

హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ కుటుంబం. కగ్గదాసపురలో మూడంతస్తుల భవనం, అందులో రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ అద్దె ఇల్లు. భార్యాభర్తలు, బడికెళ్లే పిల్లలిద్దరు, ఆయన తల్లి. ఇంట్లో ఏసీ లేదు. 15 లీటర్ల గీజర్, పాత ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు, టీవీ, వాషింగ్ మెషీన్, ఆయన ఇంటి నుంచి పనిచేసే రోజుల కోసం ఇన్వర్టర్. 2025 మార్చి దాకా బిల్లు నెలకు ఎనభై నుంచి రెండొందల యాభై రూపాయల మధ్య వచ్చేది. ఏప్రిల్ వాడకానికి ఒక్కసారిగా రెండు వేలు దాటింది. మే నెలదీ అంతే.

ఇంట్లో తలా ఒక అనుమానం. రేట్లు పెరిగాయన్నది ఆయన లెక్క. మీటరు చెడిపోయిందేమోనని ఆమె. గీజరేనని అవ్వ. నేను ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ని, మాది మదనపల్లె. నా రోజువారీ పని వైరింగు, ప్యానెల్ బోర్డులు. తెలిసినవాళ్లు అడిగితే ఇలా బిల్లులు కూడా చూస్తుంటాను. ఈ ఇల్లు వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ ముగ్గురి అనుమానాల్లో ఒక్కటి మాత్రమే కొంచెం నిజమైంది. మిగతాదంతా ఎవరూ వేలు పెట్టి చూపించని చోట దొరికింది.

బిల్లులో ఏముంది

మన వైపు నుంచి వచ్చినవాళ్ల తలలో శ్లాబుల లెక్క పాతుకుపోయి ఉంటుంది. ఆంధ్రలో 2022 ఏప్రిల్ నుంచి ఉన్న లెక్కలో 126 నుంచి 225 యూనిట్ల దాకా ఆరు రూపాయలు, ఆ పైన 8.75, 400 దాటితే 9.75. కాబట్టి ఎక్కువ వాడితే పై శ్లాబులో పడ్డామనుకోవడం అలవాటు. బెంగళూరులో ఇప్పుడు ఆ లెక్క లేదు. 2023లో ఇక్కడ 100 యూనిట్ల లోపు వాడితే యూనిట్ 4.75, వంద దాటితే మొత్తం యూనిట్లకూ 7 రూపాయలు ఉండేది. 2024 ఏప్రిల్‌లో ఆ రెండూ తీసేసి అందరికీ 5.90 చేశారు. 2025 ఏప్రిల్‌లో అది 5.80 అయింది.

పది పైసలు తగ్గింది కదా, మరి బిల్లు ఎందుకు పెరిగినట్టు? దాని పై వరుసలూ కింది వరుసలూ చూడాలి. బిల్లులో 'నిగదిత శుల్క' అని ఉండేది ఫిక్స్‌డ్ ఛార్జీ. మనం వాడినా వాడకపోయినా, మంజూరైన లోడు మీద కిలోవాట్‌కు ఇంత అని వసూలు చేస్తారు. అది 120 నుంచి 145 రూపాయలకు పెరిగింది. ఈ ఇంటి లోడు 3 కిలోవాట్లు, అంటే నెలకు 435. దానికి తోడు విద్యుత్ సంస్థల ఉద్యోగుల పింఛను, గ్రాట్యుటీ భారం కింద యూనిట్‌కు 36 పైసలు 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా చేరాయి. కరెంటు ఛార్జీ మీద 9 శాతం పన్ను ఎప్పటి నుంచో ఉంది. ఇంధన సర్దుబాటు అని నెలనెలా మారే వరుస ఇంకొకటి. ఆ సర్దుబాటు పక్కన పెడితే 2025లో యూనిట్ చేతికి 6.68 పడింది. ఈ రాతంతా ఆ అంకెతోనే లెక్కేశాను.

అయినా రేటు పెరగడం వల్ల రెండొందల బిల్లు రెండు వేలు కాదు. అది చేసింది గృహజ్యోతి గీత. 2023 జులై వాడకం నుంచి అమల్లో ఉన్న ఈ కర్ణాటక ప్రభుత్వ పథకంలో నెలకు 200 యూనిట్ల దాకా ఉచితమని అందరూ అంటారు గానీ, అసలు లెక్కలో రెండు అంకెలున్నాయి. మొదటిది ఆ మీటరు మీద 2022-23లో సగటున నెలకు వాడిన యూనిట్లు, దాని మీద 10 శాతం కలిపి. ఈ ఇంటికి అది 156. ఆ లోపు వాడితే బిల్లు సున్నా. 156కూ 200కూ మధ్య వాడితే అదనపు యూనిట్లకే డబ్బు కట్టాలి. రెండో అంకె 200. అది దాటితే ఆ నెల పథకం వర్తించదు. మొదటి యూనిట్ నుంచి అన్నిటికీ, ఫిక్స్‌డ్ ఛార్జీతో సహా, కట్టాల్సిందే.

ఈ ఇంటి అంకెలతో చూస్తే 200 యూనిట్లు వాడిన నెలలో 44 అదనపు యూనిట్లకు సుమారు 294 రూపాయలు. 201 వాడితే సుమారు 1,778. ఆ ఒక్క యూనిట్ ఖరీదు దాదాపు 1,480 రూపాయలు! ఇది చెప్పగానే ఆయన కాలిక్యులేటర్ తీసుకుని మళ్లీ లెక్కేసుకున్నారు.

మే నెలలో వీళ్లు వాడింది 247. యూనిట్ల కింద 1,650, ఫిక్స్‌డ్ ఛార్జీ 435, కలిపి 2,085.

పాత బిల్లులు ఆమె ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టి ఉంచారు. ఇది చాలా ఇళ్లలో దొరకని అదృష్టం. డిసెంబరు 168, జనవరి 176, ఫిబ్రవరి 181, మార్చి 193, ఏప్రిల్ 241, మే 247. నెలలుగా చూస్తే ఎండలతో పాటు పెరిగినట్టు కనిపిస్తుంది. రోజుకు ఎంత అని మార్చి చూస్తే కథ వేరు. డిసెంబరులో రోజుకు 5.4, జనవరిలో 5.7, ఫిబ్రవరిలో 6.5. చలి తగ్గుతూంటే గీజర్ వాడకం తగ్గాలి, ఫ్యాన్లు ఇంకా పూర్తిగా మొదలు కాని కాలం, అయినా రోజు వాడకం ఎక్కుతోంది. మార్చిలో కాస్త తగ్గి 6.2కు వచ్చింది, ఉగాదికి ఊరెళ్లారు కాబట్టి. ఏప్రిల్‌లో ఒక్కసారిగా 8.

అప్పుడే ఆమె ఒక మాటన్నారు. "అన్నా, పండగకు పోయేటప్పుడు ఫ్రిజ్ కూడా ఖాళీ చేసి ఆపేసి తాళం వేసినాం. ఇల్లంతా బందు. అయినా ఆ నెల పెద్దగా తగ్గలేదు."

నాకు కావాల్సిన మాట అదే. ఎవరూ లేని ఇంట్లో కరెంటు కాలుతోందంటే, అలవాట్ల గురించి ఉపన్యాసం ఇవ్వడం దండగ. ముందు మీటరు దగ్గరికి వెళ్లాలి.

మీటరు దగ్గర

ఇళ్లలో వాడే ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మినుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే 3200 అనో 1600 అనో 6400 అనో రాసి ఉంటుంది. ఒక యూనిట్ కాలేలోపు ఆ లైటు అన్నిసార్లు వెలుగుతుందని దాని అర్థం. ఈ ఇంటిది 3200. ఒకసారి వెలిగిన తర్వాత మళ్లీ వెలగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసుకుని, 1125ను ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణంలో ఎన్ని వాట్లు లాగుతోందో వచ్చేస్తుంది. 1600 మీటరైతే 2250ని భాగించాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు, వేరే పరికరం అక్కర్లేదు. నా దగ్గర వైరుకు తగిలిస్తే కరెంటు చూపించే క్లాంప్ మీటరు ఉన్నా, ఇంటివాళ్ల ఎదురుగా ఇలాగే చేస్తాను. తర్వాత వాళ్లే చేసుకోగలరు కదా.

ఈ పరీక్షకు ఒక వరుస ఉంది. తిరగేస్తే తప్పుడు అంకె వస్తుంది. ముందే మెయిన్ ఆపేస్తే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది, మళ్లీ ఆన్ చేయగానే ఖాళీ అయిన మేరకు గట్టిగా ఛార్జింగ్ లాగుతుంది. ఆ అంకె చూసి పాపం మంచి బ్యాటరీని కూడా అనుమానిస్తాం. అందుకే ముందు రోజు రాత్రి నుంచి కరెంటు పోని ఉదయం చూసుకుని మొదలుపెట్టాం.

మొదట ఫ్రిజ్, గీజర్, టీవీ, రౌటర్, సెట్‌టాప్ బాక్సు అన్నీ ప్లగ్ పీకేశాం. ఫ్యాన్లు, లైట్లు బందు. ఇన్వర్టర్ ఒక్కటే కరెంటుకు తగిలించి ఉంది, దాని మీద ఏ లోడూ లేదు. పెద్దబ్బాయి కింద మీటరు దగ్గర నిలబడి గట్టిగా సెకన్లు చెబుతున్నాడు. తొమ్మిది సెకన్లకోసారి మినుకు. 1125ను తొమ్మిదితో భాగిస్తే 125 వాట్లు. ఏమీ వాడని ఇంట్లో 125 వాట్లంటే రోజుకు మూడు యూనిట్లు, నెలకు తొంభై.

తర్వాత ఇన్వర్టర్‌కు వెళ్లే స్విచ్ ఆపించాను. ఇప్పుడు 28 సెకన్లకోసారి. అంటే 40 వాట్లు. మిగతా 85 ఇన్వర్టర్ తింటోంది.

చివరగా ఇంటి లోపలి బోర్డులో మెయిన్ స్విచ్ (ఎంసీబీ) కిందికి దించాను. మీటరు నిద్రపోవాలి. కింద నుంచి అబ్బాయి కేక. "ఇంకా కొడతాంది అంకుల్!" సెకన్లు లెక్కపెడితే మళ్లీ 28.

లోపల చుక్క కరెంటు వెళ్లట్లేదు, మీటరు మాత్రం 40 వాట్లు రాసుకుంటోంది. మీటరు చెడిపోయిందన్న ఆమె అనుమానం ఇక్కడ నిజమయ్యేలా కనిపించింది గానీ, అలాంటప్పుడు మీటరును తిట్టే ముందు వైరు వెంట వెళ్లాలి. మీటరు నుంచి ఇంటికి వెళ్లే లైనుకు క్లాంప్ తగిలించి, మెట్ల పక్కన పైపులో పైకి పాకుతూ పోయాం. మొదటి అంతస్తు మలుపులో ఒక జంక్షన్ బాక్సు. మూత తీస్తే ఫేజు వైరు మీద రెండు వైర్లు చుట్టి టేపు వేసి ఉంది. ఒకటి మెట్ల లైట్లకు. ఇంకొకటి కింద గేటు మీదున్న కెమెరాలకు, వాటి రికార్డింగ్ పెట్టెకు. రాత్రీ పగలూ ఆడే సామాను. ఆ 40 వాట్లు భవనానివి, కడుతున్నది మాత్రం ఈ కుటుంబం. నెలకు 29 యూనిట్లు.

ఇది దొంగతనమని నేననను. ఓనరు కొడుకు ఒకప్పుడు ఈ రెండో అంతస్తులోనే ఉండేవాడు. సొంతింటి మీటరే కదా అని అప్పుడు తగిలించారు, అతను వెళ్లిపోయాక అలాగే ఉండిపోయింది. బెంగళూరులో అద్దెకిచ్చే చిన్న భవనాల్లో ఇది నాకు తరచుగా కనిపిస్తుంది. సంపు మోటారు కూడా ఇలా ఎవరో ఒకరి మీటరు మీద ఉన్న ఇళ్లు చూశాను. అలాంటి చోట నెలకు నలభై, యాభై యూనిట్లు పోతాయి.

ఇన్వర్టర్ బ్యాటరీ

యుటిలిటీలో వాషింగ్ మెషీన్ పక్కన ట్రాలీ మీద ఇన్వర్టర్. 2019లో కొన్న 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీ. ముందు ప్యానెల్ మీద 'బ్యాటరీ ఫుల్' అన్న లైటు నిక్షేపంగా వెలుగుతోంది. నిండిన బ్యాటరీకి ఇన్వర్టర్ పదీ పదిహేను వాట్లు లాగితే సరిపోవాలి. 85 ఎందుకు?

అవ్వ తలుపు దగ్గర కూర్చుని చూస్తోంది. "నాయనా, పక్కింటోళ్ల పిల్లి రాత్రిపూట దాని మిందనే పండుకుంటాది. ఎంత తరిమినా పోదు. ఎచ్చగా ఉంటాది గదా" అంది. చేయి పెట్టి చూశాను. నిజంగానే గోరువెచ్చగా ఉంది. డిస్టిల్డ్ వాటర్ ఎన్నాళ్లకోసారి పోస్తున్నారని అడిగితే, మూడు వారాలకోసారని ఆయన. బాగున్న బ్యాటరీకి మూడు నాలుగు నెలలకోసారి పోస్తే ఎక్కువ. నీళ్లెక్కడికి పోతున్నాయి? కరెంటుకు గ్యాసుగా మారి ఎగిరిపోతున్నాయి. అలా మార్చే కరెంటే ఈ 85 వాట్లు.

మూతలు తీసి ఆరు గదుల్లోనూ హైడ్రోమీటర్ ముంచాను. ఐదు గదుల్లో ద్రవం సాంద్రత 1.230 దగ్గర ఉంది, పరవాలేదు. నాలుగో గదిలో గొట్టం లోపలి బుడ్డీ లేవనే లేదు. 1.140. ఆ గది చచ్చిపోయింది. ఇన్వర్టర్‌కు గదులు విడివిడిగా కనపడవు, ఆరూ కలిపి వచ్చే వోల్టేజీ ఒక్కటే కనపడుతుంది. ఆరుగురు మోసే పల్లకీలో ఒకడు భుజం దించేసినట్టు, మిగతా ఐదూ ఎంత ఎక్కినా మొత్తం అంకె ఎక్కాల్సిన చోటికి ఎక్కదు. దాంతో ఛార్జర్ కరెంటు తోస్తూనే ఉంటుంది, మంచి గదులు ఓవర్‌ఛార్జ్ అయి నీళ్లు గ్యాసైపోతాయి. గది ఒక్కరోజులో చావదు, నెమ్మదిగా చస్తుంది. డిసెంబరు నుంచి రోజు వాడకం కొద్దికొద్దిగా ఎక్కుతూ రావడం అందుకే.

నెలకు 61 యూనిట్లు. ఆ ఇంట్లో గీజరు కంటే ఎక్కువ.

ఇన్వర్టర్ మీద నా అభిప్రాయం ఒకటి ఇక్కడ చెప్పాలి. బిల్లు గురించి మాట్లాడేవాళ్లందరూ ఏసీ, గీజర్, ఇస్త్రీపెట్టె అంటారు. అవి ఆన్ చేస్తే మనకు తెలుస్తుంది, కాబట్టి ఆపడం కూడా గుర్తుంటుంది. నాలుగేళ్లు దాటిన ట్యూబులర్ బ్యాటరీని ఎవరూ తలుచుకోరు. కరెంటు పోయినప్పుడు పనికొచ్చేదే తప్ప కరెంటు తినేదని ఎవరికీ తట్టదు. నీళ్లు త్వరగా తగ్గుతున్నాయంటే బ్యాటరీ 'బాగా పనిచేస్తోంది' అనుకునేవాళ్లను కూడా చూశాను!

వాళ్లకు ఇన్వర్టర్ తప్పదు. కానీ కరెంటు పోయినప్పుడు ఆడేవి రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, రౌటర్, ల్యాప్‌టాప్. దానికి 150 అక్కర్లేదు. 100 ఆంపియర్-అవర్‌ది తీసుకోమన్నాను. పాతది ఇచ్చేయగా పది వేల చిల్లర అయింది. కొత్తది పెట్టి, పూర్తిగా ఛార్జ్ అయ్యాక మళ్లీ అదే పరీక్ష చేస్తే ఇన్వర్టర్ వాటా 10 వాట్లకు దిగింది.

గ్యాసు పెరిగిందని పెట్టిన ఇండక్షన్ పొయ్యి

ఏప్రిల్‌లో ఒక్కసారిగా ఎగరడానికి ఫ్యాన్లతో పాటు ఇంకో కారణం ఉంది. 2025 ఏప్రిల్ 8న సిలిండర్ మీద 50 రూపాయలు పెంచారు. బెంగళూరులో అది 855 దాటింది. "కరెంటు ఎట్లా ఫ్రీనే కదన్నా, పాలు, అన్నం, టీ దాని మీద పెడదామనుకున్నాం" అన్నారామె. ఆలోచన తప్పేం కాదు. అప్పటికి వాళ్లకు తెలిసిన లెక్క అదే.

అసలు లెక్క ఇది. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుకు సమానం. ఇంటి పొయ్యి మీద అందులో అరవై శాతం గిన్నెకు చేరుతుందనుకుంటే 108 యూనిట్ల పని. ఇండక్షన్ మీద ఎనభై ఐదు శాతం దాకా గిన్నెకు చేరుతుంది కాబట్టి, అదే పనికి 125 నుంచి 130 యూనిట్లు కావాలి. యూనిట్ 6.68 చొప్పున 128 యూనిట్లకు 855 రూపాయలు. అప్పటి సిలిండర్ ధరా అంతే. నిండా డబ్బు కట్టి కరెంటు వాడే ఇంట్లో గ్యాసుకూ ఇండక్షన్‌కూ తేడా లేదన్నమాట. సున్నా బిల్లు గీతకు చాలా దిగువన ఉన్న ఇంట్లో ఇండక్షన్ నిజంగా లాభం. 193 యూనిట్ల దగ్గర నిలబడ్డ ఇంట్లో మాత్రం అది గోతిలోకి తోస్తుంది. రోజుకు ఒక యూనిట్ వాడుతున్నారు, నెలకు 30. ఆ ముప్పై యూనిట్ల వంటకు గ్యాసైతే రెండొందల రూపాయల చిల్లర అయ్యేది. 193 మీద అవి చేరి గీత దాటిస్తే దాని వెల పదిహేడు వందలకు దగ్గరవుతుంది.

ఇండక్షన్ అటక ఎక్కింది. సిలిండర్ అయిపోయిన రోజు దించుతున్నారు.

ఓనరుతో

బ్యాటరీ సంగతి తేల్చుకోవడం తేలిక, వాళ్ల సొంతది. మెట్ల లైట్లూ కెమెరాలూ అలా కాదు. ఓనరు పెద్దాయన కింద అంతస్తులోనే ఉంటారు, మంచి మనిషి. జంక్షన్ బాక్సు ఫోటో చూపిస్తే కాదనలేదు. కానీ తన మీటరు మీదికి మార్చమంటే తటపటాయించారు. ఆయన బిల్లు కూడా తెప్పించి చూస్తే కారణం అర్థమైంది. ఆయనదీ గృహజ్యోతే, ఆయనా 185, 190 మధ్య తిరుగుతున్నారు. ఈ 29 యూనిట్లు ఎత్తుకుంటే ఆయన గీత దాటతారు. భవనంలో ఉన్న ఆరు మీటర్లలో దాదాపు అందరిదీ ఇదే పరిస్థితి. ఎవరి మీద వేసినా వాళ్ల బిల్లు సున్నా నుంచో మూడొందల నుంచో పద్దెనిమిది వందలకు లేస్తుంది.

ఉమ్మడి వాడకానికి వేరే మీటరు తీసుకోవడం సరైన దారి. అది అప్పుడు కుదరలేదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే కాగితం) లేని భవనాలకు కనెక్షన్లు ఇవ్వకూడదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాక, బెంగళూరులో అప్పట్లో కొత్త మీటర్లకు ఆ కాగితం అడిగేవారు. ఈ భవనానికి అది లేదు. ఊళ్లో ఇలాంటి చిన్న భవనాలకు చాలావాటికి లేదు.

చివరికి దారి దొరికింది భవనం ముందున్న జిరాక్స్ షాపు దగ్గర. అది ఓనరుదే, దానికి వాణిజ్య మీటరు ఉంది, పథకంతో సంబంధం లేదు. అక్కడ గీత లేదు కాబట్టి ఎంత కలిపినా కలిపిన మేరకే ఖర్చు. కెమెరాల పెట్టె అక్కడికి మార్చాం. మెట్ల ట్యూబులు తీసేసి, మనిషి వస్తేనే వెలిగే సెన్సార్ బల్బులు పెట్టి, వాటినీ ఆ లైనుకే ఇచ్చాం. ఓనరుకు నెలకు నూటయాభై నుంచి రెండొందల మధ్య అదనంగా పడుతుందని ముందే లెక్కేసి చెప్పాను. ఒక్కరోజు ఆలోచించుకుని ఒప్పుకున్నారు. పాత నెలల సంగతి వీళ్లు అడగలేదు, ఆయనా ఎత్తలేదు. అద్దె పెంచే నెల దగ్గర పడుతోంది, ఇద్దరికీ ఆ మాట గుర్తుంది.

ఇలాంటి విషయంలో అద్దెకుండేవాళ్లు నేరుగా గొడవకు దిగకుండా, మెయిన్ దించి మీటరు మినుకుతున్న వీడియో ఒకటి తీసి చూపిస్తే చాలావరకు అక్కడే తేలిపోతుంది.

వద్దన్నవి

హాల్లో స్విచ్‌బోర్డుకు ఆకుపచ్చ లైటుతో ఒక డబ్బా తగిలించి ఉంది. 'పవర్ సేవర్' అట, ఎనిమిది వందలు పోసి కొన్నారు. లోపల ఉండేది ఒక చిన్న కెపాసిటర్. ఇళ్ల మీటరు కాలిన యూనిట్లకే బిల్లు వేస్తుంది, పవర్ ఫ్యాక్టర్‌కు వేయదు. కాబట్టి అది తగ్గించగలిగింది ఏమీ లేదు. పీకించేశాను.

లోడు 3 కిలోవాట్ల నుంచి 2కు తగ్గిస్తే ఫిక్స్‌డ్ ఛార్జీలో నెలకు 145 మిగలదా అని ఆయన అడిగారు. మంచి ప్రశ్నే. కానీ గీజర్ ఒక్కటే 2 కిలోవాట్లు, దానితో పాటు మిక్సీయో వాషింగ్ మెషీనో నడిస్తే లోడు దాటుతుంది. పైగా బిల్లు సున్నా వచ్చే ఇంట్లో ఆ 145 మిగలడమూ లేదు. ఇది పనికొచ్చేది వేరే ఇళ్లకు. అపార్ట్‌మెంట్లలో బిల్డర్లు ఏడెనిమిది కిలోవాట్లు రాయించి ఇస్తారు, బిల్లు మీద చూస్తే గరిష్ఠ వాడకం ఎన్నడూ మూడు దాటి ఉండదు. అక్కడ ఎనిమిదిని నాలుగు చేయించుకుంటే, ఆ 145 లెక్కన, ఒక్క బల్బు ఆపకుండా నెలకు 580 తగ్గుతుంది. ఏడాది బిల్లుల్లో గరిష్ఠ వాడకం చూసుకుని, ఇంటి యజమాని దరఖాస్తు పెట్టుకోవాలి.

గీజర్ మీద అవ్వ అనుమానం కొంచెమే నిజం. ఐదుగురి స్నానాలకు వేసవిలో నెలకు 36 యూనిట్ల దాకా పోతోంది. ఒక బకెట్ నీళ్లు 23 డిగ్రీల నుంచి 40కి తేవడానికి ఇంత కరెంటు కావాలని ఉంటుంది, ఏ కంపెనీ గీజరైనా ఆ లెక్క మారదు. థర్మోస్టాట్ చివరిదాకా తిప్పి ఉంటే 55 దగ్గరికి తెచ్చాను, అంతే. బోరు నీళ్ల సున్నం కాయిల్‌కు పట్టి కరెంటు రెట్టింపు తాగుతుందని చెప్పి సర్వీసు అంటగట్టేవాళ్లున్నారు. సున్నం వల్ల ముందు దెబ్బతినేది కాయిల్, త్వరగా కాలిపోతుంది. శుభ్రం చేయించడం అందుకు మంచిదే, బిల్లు కోసం మాత్రం కాదు.

మూడు ఫ్యాన్లూ తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీవి మార్చాలా? వద్దన్నాను. మామూలు ఫ్యాను 75 వాట్లు లాగే చోట అది 30 లాగుతుంది, నిజమే. కానీ 156 లోపుకు వచ్చేసిన ఇంట్లో ఇంకో ఇరవై యూనిట్లు తగ్గించినా బిల్లు సున్నా కంటే కిందికి దిగదు. తొమ్మిది వేలు పెట్టి వీళ్లు ప్రభుత్వానికి ఆదా చేసినట్టవుతుంది. పథకంలో నాకు నచ్చని సంగతి ఇదే. గీత కింద ఉన్నవాడికి పొదుపు చేసే కారణం ఉండదు, గీత దాటినవాడికి ఒక్క యూనిట్‌కే ఉరి. ఎప్పుడైనా పాత ఫ్యాను కాలిపోతే అప్పుడు బీఎల్‌డీసీ కొనుక్కోమన్నాను. ఫ్రిజ్‌కూ అదే మాట. రోజుకు 1.1 యూనిట్లు తింటోంది, తలుపు రబ్బరు వదులైంది. తలుపులో కాగితం పెట్టి మూస్తే కింది మూలలో సులువుగా జారి వచ్చేసింది. రబ్బరు మాత్రం మార్పించారు.

తర్వాత

జులై వాడకం 138, ఆగస్టు 141. రెండు నెలలూ బిల్లు సున్నా. నెలకు 2,085 తగ్గిందని వాళ్లు అంటున్నారు. గ్యాసు మళ్లీ వాడుతున్నందుకు రెండొందలు తీసేయండి అన్నాను. అలా చూసినా బ్యాటరీ ఖర్చు ఐదారు నెలల్లో వచ్చేస్తుంది. చలికాలం గీజర్ వాడకం పెరిగి 156 దాటే నెలలు ఉండొచ్చు. దాటిన యూనిట్లకు యాభయ్యో వందో కట్టడం భయపడాల్సిన విషయం కాదు, 200కు దూరంగా ఉన్నంత వరకు. పెద్దబ్బాయి ప్రతి నెలా ఇరవయ్యో తారీఖున మీటరు ఫోటో తీస్తున్నాడు. అప్పటికి 130 దాటి ఉంటే ఇస్త్రీ బయటికి వెళ్తుంది.

వచ్చే ఏడాది ఇల్లు మారాలనుకుంటున్నారు, బడికి దగ్గరగా. వాళ్లకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. 156 అన్నది ఈ మీటరుది, వాళ్లతో పాటు రాదు. పాత ఇంటి ఆర్‌ఆర్ నంబరు (బిల్లు మీదుండే కనెక్షన్ నంబరు) నుంచి ఆధార్‌ను డీలింక్ చేసుకుని, కొత్త ఇంటికి కర్ణాటక ప్రభుత్వ వెబ్‌సైటు సేవాసింధులో మళ్లీ దరఖాస్తు పెట్టాలి. కొత్త ఇంటి మీటరుకు 2022-23 వాడకం చరిత్ర లేకపోతే రాష్ట్ర సగటు 53 యూనిట్లు, దాని మీద 10 శాతం మాత్రమే వస్తుంది. అంటే 58. ఇక్కడ సున్నా వచ్చిన 140 యూనిట్లకే అక్కడ ఐదొందల యాభై దాకా కట్టాలి. కాబట్టి అడ్వాన్సు చేతిలో పెట్టే ముందు ఓనరును పాత బిల్లు ఒకటి చూపించమనండి, అర్హత యూనిట్లు ఎన్నో అందులో ఉంటుంది. అప్పుడే ఆ ఇంటి మెయిన్ ఒకసారి దించి, కిందికెళ్లి ఎర్ర లైటు కూడా చూసి రండి.